తీగ తెగలేదట

ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి,
మార్చి 6

గౌరవనీయులైన టైపు మాస్టారు గారికి,

నమస్కారాలు. నేనెవరో మీకు తెలియదు. సిగ్నల్ దళంలో మీరు ఆఫీసు గుమాస్తాగా ఉన్న రోజుల్లో టెలిఫోను తీగలు వేసే లైన్‌మన్ ఒకాయన ఉండేవారు. అందరూ ‘పొడుగు’ అనేవారట. నేను ఆయన కూతుర్ని. మాజీ సైనికుల సంఘం వాళ్ళను అడిగి మీ చిరునామా సంపాదించాను. వాళ్ళ అధ్యక్షులు మీరేనని, మొన్నమొన్నటిదాకా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారని వాళ్ళే చెప్పారు.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. రెండు నెలల కిందట నాన్న ఫ్యాను వైరు సరిచేస్తానని స్టూలెక్కి కిందపడ్డారు. డెబ్భయ్యో ఏట స్టూలెందుకెక్కావంటే, “స్తంభాలెక్కినవాడికి స్టూలొక లెక్కా” అన్నారు. ఎముక విరిగిందేమోనని నేనే ఫిల్ము తీశాను. ఎముక బాగానే ఉంది. కానీ భుజం కీలు వెనక మూడు తెల్లటి మచ్చలు కనబడ్డాయి. ఎముక తెలుపు వేరు, ఇనుము తెలుపు వేరు. ఇరవై ఏళ్ళుగా ఫిల్ములు చూస్తున్న కళ్ళు నావి. అవి ఫిరంగి గుండు ముక్కలు.

యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు పతకం ఉంటుంది కదా, మరి నాన్నకేదీ అని రికార్డు ఆఫీసుకు రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. ఆ తేదీల్లో నాన్న సామాన్ల గిడ్డంగిలో కాపలా ఉన్నారట. భుజం గాయం లారీ మీంచి జారిపడినందువల్లనట. లారీ మీంచి పడితే మట్టి అంటుతుంది గానీ భుజంలోకి ఇనుప ముక్కలెలా దూరతాయి?

దళం కాగితాలన్నీ మీ చేతిమీదుగా నడిచేవని విన్నాను. నిజంగా జరిగిందేమిటో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపితే, రికార్డు సరిదిద్దే బోర్డుకు దరఖాస్తుతో పాటు జతచేస్తాను. నాన్నకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
పొడుగు కూతురు


పాత టైపు ఇన్‌స్టిట్యూట్, మేడ మీద నుంచి,
మార్చి 19

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. మీ నాన్న పొడుగు ఎంతంటే, గుడారంలోకి వంగి వచ్చి, వంగే నిలబడి, వంగే వెళ్ళేవాడు. అప్పుడు నువ్వు రెండేళ్ళ పిల్లవి. నీ ఫోటో టోపీ లోపల పెట్టుకుని తిరిగేవాడు. నన్ను ‘టకటక’ అని పిలిచేవాడు. ఇప్పుడా టకటక లేదు. వేళ్ళు వంకర్లు పోయాయి. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. మేడ దిగితే ఎక్కలేను, ఎక్కితే దిగలేను. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక మిషన్లన్నీ గుడ్డలు కప్పి గోడవార పెట్టాను.

నీ ప్రశ్న సంగతికొస్తే, నలభై ఒక్క ఏళ్ళ కిందటి మాట. యుద్ధంలో కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చేవి, పోయేవి. ఏది ఎవరు రాశారో ఎలా గుర్తుంటుంది? ఒక్కసారి కాగితం మీద పడ్డ మాట రాతి మీద గీత లాంటిది. దాన్ని చెరపాలని చూస్తే గోళ్ళే అరుగుతాయి.

మీ నాన్న ఏనాడైనా అడిగాడా? అతను అడగనిది నువ్వెందుకు అడగడం? పాత పుండు గోకితే రక్తమే వస్తుంది తల్లీ. అతన్ని జాగ్రత్తగా చూసుకో. స్టూలెక్కనివ్వకు.

ఇట్లు,
మీ నాన్న మిత్రుడు


ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి,
ఏప్రిల్ 11

బాబాయ్ గారికి,

నమస్కారం. టోపీలో ఫోటో సంగతి నాకు తెలియదు. ఆ ఒక్క మాటకే మిమ్మల్ని బాబాయ్ అంటున్నాను. కానీ మీరు మోకాళ్ళ గురించి రాశారు, వేళ్ళ గురించి రాశారు, భుజం గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఈలోగా ఫిల్ము నాన్న కంటబడింది. కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశారు. “మూడేనా? నాలుగనుకున్నానే” అన్నారు.

“లారీ మీంచి పడ్డావని రాశారు నాన్నా.”

“రాయనీ. లారీకేం అభ్యంతరం లేదుగా.”

అయినా నేను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగాను, బట్టలు మడతపెడుతూ అడిగాను. చివరికి విసుగొచ్చి చెప్పారు. అవతలి ఒడ్డున మనవాళ్ళ కాపలా చౌకీ, ఇవతల మీ శిబిరం, మధ్యలో నది. రెంటినీ కలిపేది ఒక్క టెలిఫోను తీగ. గుండ్లు పడుతుంటే తీగ తెగుతుంది. తెగిన చోటు ఎలా తెలుస్తుందని అడిగితే చెయ్యి చాపి చూపించారు. “తీగను అరచేతిలో వదులుగా పట్టుకుని పరిగెత్తడమే. చెయ్యి ఖాళీ అయిందంటే అక్కడ తెగిందన్నమాట. ఆ రోజు పొద్దుట్నుంచి మూడుసార్లు కట్టాను. రెండోసారికే ఈ ముక్కలు దిగాయి. మూడోసారి ఒంటిచేత్తో కట్టాను. నాలుగోసారి…” అని ఆగిపోయారు. లేచి వెళ్ళి తలుపు గడియ సరిచేయడం మొదలుపెట్టారు. గడియ బాగానే ఉంది.

మీకు రాశానని చెప్పాను. ముఖం మారిపోయింది. “టకటకని ఎందుకు కదిపావు? వాడికి పిల్లలున్నారు” అన్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు. పిల్లలున్నవాళ్ళు నిజం చెప్పకూడదా?

ఇంకొకటి. రికార్డు ఆఫీసు పంపిన నకలు ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను. పేజీ అడుగున ఎడమపక్క టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలు రెండున్నాయి. మీ ఉత్తరం కింద సంతకంలో ఉన్నవీ ఆ రెండే. గుర్తులేదంటే నమ్మను బాబాయ్ గారూ.

ఇట్లు,
అమ్మాయి


పాత టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి,
మే 2

అమ్మాయీ,

నీది లోపల ఉన్నది చూసే ఉద్యోగమని మర్చిపోయి రాశాను. తప్పు నాదే.

ఉన్నది చెబుతాను. ఆ యుద్ధానికి వారం ముందు పైనుంచి ఆజ్ఞ వచ్చింది, నది మీదుగా ఒక్క తీగ చాలదు, వేరే దారిన రెండోది కూడా వేయండని. మా మేజర్ గారు వేశామని జవాబు రాశారు. వెయ్యలేదు. రేపు మాపు అంటుండగానే యుద్ధం వచ్చిపడింది. ఉన్న ఒక్క తీగా ఆ రోజు పదే పదే తెగింది. తెగిందని రాస్తే, మరి రెండో తీగ ఏమైందని పైవాళ్ళు అడుగుతారు. అడిగితే మేజర్ గారి ఉద్యోగం పోతుంది.

యుద్ధం ఆగిన మూడో రోజున నన్ను గుడారంలోకి పిలిచారు. “రాసుకో. తీగ ఒక్క క్షణం కూడా తెగలేదు” అన్నారు.

“పొడుగు ఆసుపత్రిలో ఉన్నాడు సార్” అన్నాను.

“తెగని తీగను కట్టడానికి ఎవడు వెళ్తాడయ్యా? నువ్వే ఆలోచించు.”

ఆలోచించాను. లారీ నాకు తట్టింది. గిడ్డంగి ఆయనకు తట్టింది. ఆ మధ్యాహ్నమే టైపు చేసిచ్చాను. ఆర్నెల్లకు మేజర్ గారికి పతకం వచ్చింది, యుద్ధమంతా సంబంధాలు నిరాటంకంగా నడిపించినందుకు. మరో ఏడాదికి నాకు మెట్టు పెరిగింది. మీ నాన్న ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి ఆ పేజీ చదివాడు. నా మొహం వంక చూశాడు. “అక్షర దోషాల్లేకుండా కొట్టావు టకటకా” అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇప్పుడు చెప్పు. మా పెద్దవాడు అదే దళంలో ఉద్యోగం చేస్తున్నాడు. మేజర్ గారు పోయి పన్నెండేళ్ళయింది. దళం భోజనశాలలో ఆయన పటం కింద కూర్చుని మావాడు రోజూ భోంచేస్తాడు. ఇక్కడ సంఘంలో నన్ను పెద్దకుర్చీలో కూర్చోబెట్టారు. బళ్ళో పిల్లలకు ధైర్యం గురించి చెప్పమని పిలుస్తారు, వెళ్ళి చెప్పొస్తాను. ఈ వయసులో నా నోటితో నేను దొంగరాతలు రాశానని ఎలా చెప్పను? కొడుకు మొహం ఎలా చూడను?

నన్నొదిలేయ్ తల్లీ. నీకో దారి మాత్రం చెబుతాను. చౌకీ వాళ్ళది వేరే దళం. వాళ్ళు రోజూ రాసే దినచర్య పుస్తకం మా మేజర్ గారి చేతికి అందేది కాదు. అది తెప్పించమని బోర్డును అడుగు.

ఇట్లు,
టకటక


ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి,
మే 15

టైపిస్టు గారికి,

దినచర్య పుస్తకం గురించి చెప్పినందుకు థాంక్స్. మిగతా ఉత్తరానికి థాంక్స్ చెప్పలేను. మిమ్మల్ని వదిలేయమన్నారు. నేను పట్టుకున్నదెప్పుడు? కాగితం పట్టుకున్నాను. దాని అడుగున మీరున్నారు.

దరఖాస్తు మళ్ళీ మొదటినుంచి రాసి సంతకం కోసం నాన్న ముందు పెట్టాను. మూడు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి, “ఇందులో ఈల ఏడి?” అన్నారు.

“ఈల ఎవరు నాన్నా?”

నాన్న దరఖాస్తు పక్కకు నెట్టి చెప్పారు. ఈల ఆయన జోడీ అట. ఇద్దరూ కలిసే తీగ వేసేవారట. ఎప్పుడూ ఏదో ఒక ఈల వేస్తూ ఉండేవాడు కాబట్టి ఆ పేరు. నాలుగోసారి తీగ నది మధ్యలో తెగింది. నాన్న లేవబోతే చేతిలోంచి కటింగ్ ప్లేయర్ లాక్కుని, “నీ చెయ్యి పైకి లేవట్లేదు పొడుగూ, కూర్చో” అని నీళ్ళలోకి దిగాడట. ఛాతీ లోతు నీళ్ళు. తీగ కొసలు రెండూ తలపైకి ఎత్తి పట్టుకుని కలిపాడట. నాన్న ఒడ్డున ఫోను చెవికి పెట్టుకుని ఉన్నారు. నీళ్ళలోంచి “మాట్లాడండి” అన్న ఈల కేక వినబడింది. ఆ వెంటనే చౌకీకి వెనక్కి రమ్మన్న ఆజ్ఞ వెళ్ళింది. పంతొమ్మిది మంది నది దాటి బతికి వచ్చారు. ఈల రాలేదు.

“వాడు వెళ్ళాల్సిన చోటికి కాదు, నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాడు” అన్నారు నాన్న. “నా ఒక్కడి పేరు రాసి వాడి పేరు వదిలేస్తే నాకొద్దు. చింపెయ్.”

నేను చింపలేదు. కానీ ఆయన సంతకం పెట్టలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. తెగని తీగను కట్టడానికి ఎవరూ వెళ్ళలేదు కదా. మరి ఈల ఎలా చనిపోయాడని టైపు చేశారు?

ఇట్లు,
ఎక్స్‌రే టెక్నీషియన్


పాత టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి,
జూలై 28

అమ్మాయీ,

రెండు నెలలు జవాబివ్వలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది. చేత్తో రాస్తే అక్షరాలు కుదరడం లేదని గుడ్డ తీసి ఒక మిషను ముందు కూర్చున్నాను.

“స్నానం చేస్తూ నీట మునిగి మరణించాడు.” అదీ నేను టైపు చేసింది. శవం నాలుగు మైళ్ళ దిగువన దొరికింది. మేజర్ గారు, “నదిలో దొరికాడు కాబట్టి నీట మునిగాడు, ఇందులో అబద్ధమేముంది” అన్నారు. స్నానం అన్న మాట కలిపింది నేనే. వాక్యం పూర్తయినట్టు ఉంటుందని కలిపాను. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ ఒక్క మాట నా గొంతులో ముల్లులా ఉంది. నీకు రాసిన ఉత్తరాల్లో మీ నాన్న సంగతి ఒప్పుకున్నాను, ఈల సంగతి దాచాను. నువ్వు అక్కడిదాకా రావని ఆశపడ్డాను.

ఇంకొకటీ దాచాను. చౌకీ అధికారి ఒడ్డుకు చేరగానే సిఫారసు రాసి పంపాడు, ఈ ఇద్దరు లైన్‌మెన్‌కూ శౌర్య పతకం ఇవ్వాలని. అది నా చేతికే వచ్చింది. మేజర్ గారు చదివి నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు. నేను బుట్ట బయట పారబోసి వచ్చాను.

మొన్న ఆదివారం సంఘం సమావేశంలో లేచి నిలబడి ఇదంతా చెప్పాను. తర్వాత కోశాధికారి, “పెద్దాయనా, వయసు మీద పడింది, ఏదేదో మాట్లాడుతున్నావు” అన్నాడు. “వయసు మీద పడటం వల్లే ఇప్పటికి మాట్లాడుతున్నాను” అన్నాను. సాయంత్రానికల్లా అధ్యక్ష పదవి నుంచి తప్పుకోమని కబురొచ్చింది. అప్పటికే రాజీనామా టైపు చేసి ఉంచాను.

మా పెద్దవాడు ఫోనులో, “నాన్నా, నేనిక్కడ తలెత్తుకుని ఎలా తిరగాలి?” అన్నాడు. “నేను దించింది నా తల, నీది కాదు” అన్నాను. పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తడం లేదు.

నోటరీ ముందు ప్రమాణం చేసి రాసిన వాంగ్మూలం ఇందులో పెట్టాను. ఏడు పేజీలు. ఈల పేరు ప్రతి పేజీలోనూ ఉంది. మీ నాన్నను సంతకం పెట్టమను. బోర్డు పిలిస్తే వస్తాను. మోకాళ్ళు ఏమైతే అదే అవుతుంది.

ఇట్లు,
టకటక


ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి,
అక్టోబరు 9

బాబాయ్,

నాన్న సంతకం పెట్టారు. మీ ఏడు పేజీలూ చదివాక, “వీడికి ఇప్పుడొచ్చింది టైపు” అన్నారు.

బోర్డు వాళ్ళు మీ వాంగ్మూలం తీసుకున్న నాలుగో రోజున మమ్మల్ని పిలిచారు. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. నా ఫిల్మును గోడమీది లైటు పెట్టెకు తగిలించి చూశారు. చౌకీ దళం దినచర్య పుస్తకం వచ్చింది. అందులో నాలుగు వేళలు వేసి, “తీగ మూగబోయింది” అని నాలుగుసార్లు రాసి ఉంది. చివరిదాని పక్కన, “తిరిగి పలికింది. ఆజ్ఞ అందింది. కట్టినవాడు నీళ్ళలో కనబడటం లేదు” అని ఉంది. మధ్యలో కూర్చున్న పెద్దాయన దాన్ని పైకి చదువుతూ ఆగిపోయారు. నాన్న నేలవైపు చూస్తూ కూర్చున్నారు.

“ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారు?” అని పక్కనున్నాయన అడిగాడు.

“మీరు అడగలేదు” అన్నారు నాన్న.

బయట కూర్చోబెట్టి గంట తర్వాత మళ్ళీ పిలిచారు. రికార్డు సరిదిద్దుతారట. గాయానికి పతకం, శౌర్యానికి పతకం, రెండూ ఇస్తారట. నేను కాగితాలు సర్దుకోబోయాను. అప్పుడు నాన్న, “ఈల సంగతి?” అన్నారు.

“ఆయన తరఫున దరఖాస్తు లేదండీ. దగ్గరి బంధువులు పెట్టుకోవాలి. నిబంధన అది.”

“అయితే నాదీ పక్కన పెట్టండి.”

“అలా కుదరదండీ.”

“నలభై ఒక్క ఏళ్ళు కుదిరిందిగా. ఇంకొన్నాళ్ళు కుదురుతుంది.” లేచి నిలబడ్డారు. ఇంత ఎత్తు మనిషి, ఈ వయసులో కూడా ఆ గది చిన్నదైపోయింది. “ఇద్దరిదీ ఒకటే తీగ సార్. సగం తెగింది, సగం తెగలేదు అని రాస్తారా? ఆ కాగితం ఇదివరకే ఒకసారి అబద్ధం చెప్పింది. మళ్ళీ చెప్పించకండి.”

బోర్డు వాళ్ళు మూడు నెలలు గడువిచ్చారు. ఇంటికి వచ్చేదాకా నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. ఏడు నెలలు తిరిగిన కాళ్ళు నావి. ఇంటి తాళం తీస్తుంటే అర్థమైంది, ఆయన చెప్పినదానికి నాకు అడ్డం చెప్పడానికేమీ లేదని.

ఈల భార్య ఉన్నారు. రికార్డు ఆఫీసు వాళ్ళు చిరునామా ఇచ్చారు. మీ ఊరి నుంచి రైల్లో మూడు గంటలు. ఇస్త్రీ దుకాణం నడుపుతున్నారట. నేను వెళ్ళగలను, సెలవు పెట్టుకున్నాను కూడా. కానీ ఆమెకు చెప్పవలసింది నేను కాదు.

ఇట్లు,
మీ అమ్మాయి


రైల్వే విశ్రాంతి గది నుంచి,
అక్టోబరు 24

అమ్మాయీ,

వెళ్ళాను. వచ్చే బండికి ఇంకా రెండు గంటలుంది, అది వచ్చేలోగా రాస్తున్నాను.

సందు మొదట్లో చిన్న దుకాణం. ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు తడుపుతున్నారు. ఆమె ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మణికట్టు మాత్రం ఇనుప కడ్డీ. నేను ఫలానా అన్నాను. “కూర్చోండి” అని స్టూలు చూపించింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మొదట్నుంచి చివరిదాకా.

ఆమె ఇస్త్రీ ఆపలేదు. చొక్కా కాలరు, భుజాలు, చేతులు, ఒకదాని తర్వాత ఒకటి. నదిలో తీగ కలిపాడని చెప్పినప్పుడు మాత్రం పెట్టె పక్కన పెట్టింది.

“ఆయనకు నీళ్ళంటే భయం” అంది. “మోకాలి లోతు దాటేవాడు కాదు. నదిలో స్నానానికి దిగాడంటే నేను ఏ రోజూ నమ్మలేదు. అందరూ తాగి దిగి ఉంటాడన్నారు. మా అత్తా అదే అంది. నా కూతురు ఆయన పోయాక పుట్టింది. బళ్ళో దాన్ని తాగుబోతు కూతురనేవాళ్ళు.”

తల దించుకున్నాను.

“స్నానం అని ఎవరు రాశారు?”

“నేనేనమ్మా.”

“ఎవరు రాయమన్నారు?”

“నీట మునిగాడని రాయమన్నది మేజరు. స్నానం అన్నది నా మాట.”

తడుపుతున్న ఇద్దరూ చేతులు ఆపేసి నన్నే చూస్తున్నారు. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె చేతులు తుడుచుకుని, గల్లా కింద నుంచి తెల్ల కాగితాలు నాలుగు తీసి, ఇస్త్రీ బల్ల మీద చొక్కాలు పక్కకు నెట్టి నా ముందు పెట్టింది.

“అయితే ఈ దరఖాస్తు కూడా నువ్వే రాయి” అంది. “నేను చెబుతాను. ఒక్క మాట నీది కలపకు.”

ఆమె చెప్పింది, నేను రాశాను. ఒక చోట ‘వీరమరణం’ అని రాయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. “నేను అనలేదుగా ఆ మాట. తీగ కట్టాడు, గుండు పడింది, చచ్చిపోయాడు. అదే రాయి.” చివర్లో చదివించుకుని సంతకం పెట్టింది. లేచి వచ్చేస్తుంటే, “క్షమించిందని ఇంటికెళ్ళి చెప్పుకోకు” అంది. “చెప్పుకోనమ్మా” అన్నాను. వాకిట్లోకి వచ్చి, “మెట్లు జాగ్రత్త” అని మాత్రం అంది.

దరఖాస్తు రైల్వే తపాలా పెట్టెలోనే వేశాను. బోర్డుకు నేరుగా.

ఇట్లు,
బాబాయ్


ఆసుపత్రి క్వార్టర్స్ నుంచి,
ఫిబ్రవరి 17

బాబాయ్‌కి,

పోయిన శుక్రవారం ఉత్తర్వులు వచ్చాయి. రెండు కవర్లు. నాన్నది ఒకటి, ఈల బాబాయ్‌ది ఒకటి. ఇద్దరికీ శౌర్య పతకం. గిడ్డంగి పోయింది, లారీ పోయింది, స్నానం పోయింది. మేజరు గారి పతకం సంగతి వేరే విచారిస్తారట. నాన్న తన కవరు విప్పకుండా బల్ల మీద పెట్టి, ముందు రెండోది చదవమన్నారు. చదివాను. లేచి పెరట్లోకి వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేదు. కాసేపటికి వచ్చి, “ఆకలేస్తోంది, వడ్డించు” అన్నారు. ఆ రోజు చాలా తిన్నారు.

మీ పెద్దవాడి గురించి మీరు ఏమీ రాయడం లేదు. అడగకూడదేమో. కానీ నాన్న ఒక మాట చెప్పమన్నారు: “వాడు రాకపోతే నువ్వు రా, టకటకా. ఇక్కడ నిన్నెవరూ కుర్చీలోంచి దించరు.” దించడానికి మా ఇంట్లో మంచి కుర్చీ కూడా లేదు.

నిన్నటి సంగతి రాయాలనే కూర్చున్నాను. ఈల భార్య నాకు ఫోను చేశారు, మునిసిపాలిటీ మరణాల రిజిస్టరులో కూడా మార్పించాలి, తోడు రమ్మని. సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె చేతిలో ఉత్తర్వు, నా చేతిలో నకళ్ళు. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా కుర్రతనం పోని మనిషి. ఉత్తర్వు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సైన్యం వాళ్ళు దిద్దుకుంటే వాళ్ళ ఇష్టమండీ. మాది వేరే పుస్తకం. పై అధికారి లేరు. రేపు రండి.”

“రేపు ఎన్నింటికి తెరుస్తారు?” అని అడిగారామె.

“పదింటికి.”

“సరే. అందాకా ఇక్కడే ఉంటాను.” వెళ్ళి కిటికీ ఎదుట బెంచీ మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అతను నవ్వాడు. పన్నెండయింది. మనుషులు వస్తున్నారు, ముద్రలు వేయించుకుని పోతున్నారు. రెండయింది. అతను భోంచేసి వచ్చి చూస్తే మేం అక్కడే ఉన్నాం. మూడింటికి వచ్చి, “అమ్మా, ఇలా కూర్చుంటే ఏమొస్తుంది?” అన్నాడు.

“నువ్వు పోయాక తాళం ఎవరేస్తారు?”

“వాచ్‌మన్.”

“నన్ను లోపల పెట్టి వేయమను.”

అతను నవ్వలేదు. లోపలికెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. నాలుగు దాటాక ఒకాయన చెమటలు కక్కుతూ వచ్చి ఉత్తర్వు చదివారు. బీరువా తెరిచి, దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద పుస్తకం తీయించారు. నలభై ఒక్క ఏళ్ళ కిందటి పేజీ దొరికేసరికి మరో అరగంట. పాత వాక్యం మీద ఎర్రగీత కొట్టి, పక్కన కొత్తది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు.

“అయిపోయిందమ్మా. ఇక వెళ్ళిరండి.”

ఆమె కదల్లేదు. “నాకు చదువు రాదు. చదివి వినిపించు” అన్నారు. చదువు రాకపోవడమేమిటి, ఆ ఉత్తర్వు దారిలో నాకు నాలుగుసార్లు చదివి వినిపించారు. నేను నోరెత్తలేదు.

గుమాస్తా గొణిగాడు.

“గట్టిగా” అన్నారామె. “ఇక్కడున్న వాళ్ళందరికీ వినబడాలి.”

అతను గొంతు సవరించుకున్నాడు. “మరణ కారణం: యుద్ధ సమయంలో నదిలో తెగిన టెలిఫోను తీగను కలుపుతుండగా శత్రువుల గుండు తగిలి.”

వరసలో పదిమంది దాకా ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ముందున్న ముసలాయన టోపీ తీశాడు. ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహం చూశారు, ఎవరైనా ఏదైనా అంటారేమో అన్నట్టు. అప్పుడు మళ్ళీ కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి అన్నారు:

“ఇంకోసారి చదువు.”

ఇట్లు,
మీ అమ్మాయి